సర్రు, కిర్రు, టపటప

మా కోతమిల్లులో మాటలు పనిచేయవు. పెద్ద రంపం తిరుగుతుంటే చెవిలో అరిచినా ఒక్క ముక్క చేరితే గొప్ప. అందుకే షిఫ్టు మారేటప్పుడు దిగేవాడు ఎక్కేవాడి చెవిలో ఒక్క మాట అరిచి పోతాడు. సర్రు అంటే రంపం దుంగలోకి హాయిగా దిగుతోందని. కిర్రు అంటే పళ్ళు మొద్దుబారాయని. టపటప అంటే బెల్టు వదులైంది, వెంటనే ఆపమని. ఇంతకు మించిన చదువు ఆ మిల్లులో ఎవరికీ అక్కర్లేదు. నాకసలే అబ్బలేదు.

రంపం దగ్గర నిలబడే పని నాది. ఇన్నేళ్ళ బతుకులో సంపాదించుకున్నది ఆ నిలబడే చోటొక్కటే. అది పోతే యార్డులో పలకలు మోయాలి. నా మోకాళ్ళు దానికి ఎప్పుడో చేతులెత్తేశాయి.

చిక్కల్లా, ఆ రంపం నా చెవిలో ఆగడం మానేసింది. ఇంట్లో భోజనం చేస్తున్నా జుయ్యిమంటూనే ఉంటుంది. మా ఆవిడ పిలిచి పిలిచి విసిగిపోయి, ఈమధ్య చెంచా విసురుతోంది.

ఇంతలో వేరే షిఫ్టులో బెల్టు తెగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ ఓనరుకి అనుమానం పట్టుకుంది. ఎవడికో చెవుడొచ్చింది, తేల్చేస్తానన్నాడు. రేపు పొద్దున అందరూ గోడవైపు తిరిగి నిలబడాలి. ఆయన రంపం ఆడిస్తాడు. అది ఏమంటోందో ఒక్కొక్కరం చెప్పాలి.

ఆ సాయంత్రం మా బావమరిది ఇంటికొచ్చాడు. వాడి పనీ మా మిల్లులోనే. సైరన్ మోగడం ఆలస్యం మాయమైపోతాడని అందరూ తుర్రుగాడంటారు. నాకు పెదాలు కనబడేలా ఎదురుగా కూర్చున్నాడు.

“బావా, నీ పక్కనే నిలబడతా. సర్రుకి మోచేత్తో ఒక పోటు. కిర్రుకి రెండు. టపటపకి గిల్లుతా.”

“గట్టిగా గిల్లకురా.”

“నువ్వు కెవ్వుమనకపోతే చాల్లే.”

మా ఆవిడ మా ఇద్దరి మధ్యకి వచ్చి నిలబడింది. “ఇద్దరికీ కలిపి ఒకటే బుర్ర. అదీ ఎవరి దగ్గరుందో తెలీదు. నిజం చెప్పేసి ఇంకో పని అడగొచ్చుగా?”

“ఇంకో పనంటే పలకలే. నువ్వొచ్చి మోస్తావా?”

ఆమె ఏదో అంది. అప్పటికే అటు తిరిగిపోయింది.

పొద్దున గోడకి ఎదురుగా నిలబడ్డాం. ఒక పోటు తగిలింది. సర్రు అన్నాను. తర్వాత రెండు తగిలాయి. “కిర్రుమంటోంది, పళ్ళు నూరించాలి” అని ఒక మాట ఎక్కువే చెప్పాను. ధైర్యం వచ్చింది.

మూడోసారి ఏ పోటూ తగల్లేదు. గిల్లనూ లేదు. వాడు నా కాలు తొక్కాడు. కాలు తొక్కడం మా పాఠంలో లేదు. పక్కనున్న చిత్రిక మిషను నడుస్తూనే ఉంది కాబట్టి పాదాల కింద నేల అదురుతోంది. చెవిలో ఎప్పటిలాగే జుయ్యిమంటోంది. ఏదో ఒకటి చెప్పాలి కదా.

“సర్రుమంటోంది. వంక పెట్టడానికి లేదు” అన్నాను, గట్టిగానే.

వెనక్కి తిరిగేసరికి రంపం ఆగి ఉంది. దాని పళ్ళు విడివిడిగా కనబడుతున్నాయి. అందరి భుజాలూ నవ్వుతో ఎగురుతున్నాయి. ఓనరు నవ్వలేదు. తుర్రుగాడు నేలచూపులు చూస్తున్నాడు. వాడు మాత్రం ఏం చేస్తాడు? ఆగిన రంపానికి మా దగ్గర మాటే లేదు. ఆగిపోయినదాని గురించి ఒకడికొకడు చెప్పుకునేదేముందని ఎవడూ పెట్టలేదు.

ఇప్పుడు యార్డులో ఉన్నాను. నా చోటు తుర్రుగాడికిచ్చారు. ఎవడో ఒకడికివ్వాలి కదా, వాడికే ఇచ్చారు. సైరన్ మోగాక వాడిప్పుడు మాయమవడు. పలకల దగ్గరికొచ్చి, నా చెవి పక్కన వంగి, షిఫ్టు అప్పగిస్తున్నట్టు ఒక మాట అరుస్తాడు. నా చేతికి అప్పగించడానికి అక్కడేమీ లేదు. చెవికి వేడిగా ఊపిరి తగులుతుంది, అంతే.

“ఇంటికి పోరా” అంటాను.

నిన్న మాత్రం భుజాన పలక దించి, “సర్రేనా?” అని అడిగాను. వాడు తలూపాడు. కిర్రా అని అడిగినా ఊపేవాడే.