ఎర్ర వరుసలు

"అమ్మాయ్, నిన్న రాసిన పేజీ మళ్ళీ లేదు," అంది అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి. నేను గిన్నెలు తోముతున్నాను.

అత్తయ్య రిటైరయ్యేదాకా నర్సుగా పనిచేసింది. మామయ్య పోయాక, తన ఆసుపత్రి రోజుల గురించి పుస్తకం రాయాలని కూర్చుంది. మా ఆయన తన పాత లాప్‌టాప్ ఇచ్చాడు. "అచ్చుతప్పులు నేను దిద్దిపెడతాలే అమ్మా," అన్నాడు కూడా. కొన్నాళ్ళుగా ఆమె రాసిన పేరాలు మాయమవుతున్నాయి. "రాయాలనుకుని ఉంటావు, రాసుండవు. వయసు కదమ్మా," అంటాడతను ఎంతో మెత్తగా. ఆ మెత్తదనమే ఆమెని ఎక్కువ భయపెట్టింది. అత్తయ్య వాళ్ళమ్మ చివరి రోజుల్లో కన్నకూతుర్నే "నువ్వెవరమ్మా?" అని అడిగిందట. ఆ మతిమరుపు ఎలా మొదలవుతుందో నర్సుగా ఆమెకి బాగా తెలుసు. స్టవ్ కట్టేశానో లేదోనని పదేపదే లేచి చూసుకునేది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి, "ఈ సంగతి నీకు ఇంతకుముందే చెప్పానా?" అని నా మొహంలోకి చూసేది. మా ఆయన డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు.

నేను సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. ఆఫీసులో మేం వాడే వెర్షన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌నే, అంటే ఫైల్లో ఎప్పుడు ఏం మారిందో పాతదానితో సహా దాచిపెట్టేదాన్ని, ఆమె లాప్‌టాప్‌లోనూ పెట్టాను. మతిమరుపుకి అది మందు కాదు. కనీసం రాసింది పోదన్న ధైర్యమైనా ఉంటుందనుకున్నాను.

"రాసి మూసెయ్యడం కాదత్తయ్యా, కమిట్ చెయ్యాలి. అంటే అప్పటికి రాసింది రాసినట్టు దాచిపెట్టమని దీనికి చెప్పాలి."

"కమిట్ అవ్వడమంటే నాకు తెలీదా? మీ మామయ్యతో అంతకాలం కాపురం చేశాను!" చాలారోజుల తర్వాత నవ్వింది.

"అన్నీ పోగేసి ఒకేసారి చెయ్యకండి. ఒక సంగతి రాయగానే ఒక కమిట్. ఏం మార్చారో, ఎందుకు మార్చారో పక్కన ఒక ముక్క రాయండి. ఊరికే 'మార్పులు' అని పెడితే రేపు మీకే అర్థం కాదు."

"రోగి చార్టులో 'బాగుంది' అని రాసి చేతులు దులుపుకునే పిల్లల్ని నేనూ ఇలాగే తిట్టేదాన్ని."

"కూర్చోగానే ముందు ఏం మారిందో చూసుకోండి. ఏదైనా కొత్తగా రాసి చూడాలనిపిస్తే వేరే బ్రాంచిలో, అంటే విడిగా ఒక నకలులో రాయండి, అసలుది చెక్కుచెదరదు. ఇంకో కాపీ ఈ లాప్‌టాప్‌లో కాకుండా బయటెక్కడైనా దాచాలి."

"మరి తీసేసింది కూడా ఉంటుందా?"

"కమిట్ చేసిందైతే ఉంటుంది."

డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిన రోజు పొద్దున, ఆమె స్నానానికి వెళ్తూ, "ఓసారి చూసిపెట్టమ్మా, నాకు తెరవాలంటేనే భయంగా ఉంది," అంది. నేను తెరిచాను. ఆమె చివరి కమిట్ తర్వాత ఫైలు మారింది. తీసేసిన వరుసలు ఎర్రగా, కొత్తగా చేరినవి పచ్చగా కనిపించాయి. ఎర్రగా ఉన్నది ఇది: "హెడ్ నర్సు ఇంటర్వ్యూ రోజున ఆయన నా యూనిఫాం బీరువాలో పెట్టి తాళం వేసుకుని వెళ్ళిపోయారు. సాయంత్రం వచ్చి, అయిందా నీ ఇంటర్వ్యూ అని నవ్వారు." కింద పచ్చగా ఒకే వాక్యం: "కుటుంబం కోసం ఆ పదోన్నతి నేనే వద్దనుకున్నాను."

ఆ పొద్దున ఆమె నిద్ర లేవకముందే మా ఆయన ఆ లాప్‌టాప్ ముందు కూర్చుని, అడిగితే తప్పులు దిద్దుతున్నానన్నాడు. అచ్చుతప్పులన్నీ మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

బాత్రూంలో నీళ్ళ చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఒక్క కమాండ్ కొడితే ఆ వాక్యాలు యథాస్థానానికి వచ్చేస్తాయి. ఆమె చూసి హమ్మయ్య అనుకుంటుంది, అతనికి నేను చూసినట్టే తెలియదు, ఇల్లు ఇల్లులా ఉంటుంది. ఇన్నేళ్ళుగా నేను చేసింది అదే కదా, ఎవరు ఏది పగలగొట్టినా చప్పుడు కాకుండా ఊడ్చెయ్యడం. కానీ ఆ పచ్చ వాక్యం మీదనుంచి చూపు కదలలేదు. ఆ గొంతు నాకు తెలుసు. వేరే ఊళ్ళో టీం లీడ్‌గా నాకు అవకాశం వచ్చినప్పుడు, "తనకే ఇష్టం లేదండీ, ఇంటిమీదే ధ్యాస," అని అతను చుట్టాలందరికీ చెప్పాడు. ఎంతమంది దగ్గర చెప్పాడంటే, విని విని, నాకే ఇష్టం లేదని నేనూ నమ్మేశాను. నిజంగా ఏం జరిగిందో గుర్తు తెచ్చుకుందామంటే, ఇప్పుడు అతని మాటలే గుర్తొస్తున్నాయి.

హాల్లోకి వెళ్ళాను. బూట్లు తుడుచుకుంటున్నాడు.

"అత్తయ్య పేరాలు నువ్వే తీసేస్తున్నావు కదూ?"

చెయ్యి ఆగింది. "గొంతు తగ్గించు. పోయినాయన పరువు బజారున పెడుతుంటే చూస్తూ ఊరుకోనా? అమ్మ ఉద్దేశం కూడా అది కాదులే, ఏదో కోపంలో రాసింది."

"మరి మతిమరుపని డాక్టర్ దగ్గరికెందుకు?"

"చూపిస్తే తప్పేముంది? ఆ వయసులో ఎలాగూ చూపించాలి. నువ్వు మా అమ్మకీ నాకూ మధ్య దూరకు. చెప్పావంటే ఆవిడ గుండె ఆగిపోతుంది. ఆ పాపం నీదే."

ఆ ఆఖరిమాట నన్ను పట్టుకుంది. అత్తయ్య తల తుడుచుకుంటూ వచ్చేసరికి లాప్‌టాప్ మూత మీద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉన్నాను. ఇప్పటికైనా ఏమీ లేదనొచ్చు. నిజంగానే ఆమెకి ఏదైనా అయితే? అనుకుంటూనే మూత తెరిచి, తెర ఆమె వైపు తిప్పాను.

కళ్ళజోడు పెట్టుకుంది. ఎర్ర వరుసల మీద వేలు మెల్లగా నడిచింది. పచ్చ వాక్యం దగ్గర ఆగింది.

"ఇది నా రాత కాదు. 'పదోన్నతి' అనను నేను, ప్రమోషన్ అంటాను," అంది. తర్వాత నా వైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు, మొహంలో మాత్రం చెప్పలేనంత తేలిక. "అంటే... నా మతి పోలేదన్నమాట!"

కొడుకు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆమె అతని వైపు చూడలేదు. "పాతది వెనక్కి ఎలా తెచ్చుకోవాలో చెప్పమ్మా. నువ్వు నొక్కకు, నేను నొక్కుతాను," అంది నాతో.

అతను నాతోనే అన్నాడు: "ఆ డాక్టర్‌కి ఫోన్ చేసి, రావట్లేదని చెప్పు."

ఈ ఇంట్లో అలాంటి ఫోన్లన్నీ నేనే చేస్తాను, సాకులన్నీ నేనే వెతుకుతాను. కుర్చీ అత్తయ్య పక్కకి జరుపుకున్నాను.

"నువ్వే చెప్పు," అన్నాను. "ఎందుకు రావట్లేదో కూడా నువ్వే చెప్పు."