ఏడు నిమిషాల నీళ్లు

నేను ఒక ఇత్తడి కుళాయిని. నీళ్లు రాని కుళాయిలు లోకంలో కోకొల్లలు. వాటిని ఎవరూ తప్పుపట్టరు, లోపల లేకపోతే అవి మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తాయి! నా సంగతి అది కాదు. నేను నీళ్లు వచ్చినట్టు నటించాను. ఒక్క ఊళ్లో కాదు, తొమ్మిది ఊళ్లలో చప్పట్లు కొట్టించుకున్నాను. ఎనిమిది ఊళ్లవాళ్లు ఈపాటికి నా మొహం మరిచిపోయి ఉంటారు. తొమ్మిదో ఊరు నన్ను ఉంచేసుకుంది. చేసిన తప్పుకి ఎదురుగా కాపురం పెడితే ఎలా ఉంటుందో అక్కడే నాకు తెలిసొచ్చింది.

నేను పుట్టింది బల్గేరియా దేశంలో, డాన్యూబ్ నదికి దగ్గర్లో ఉన్న ఒక చిన్న పట్నంలో. పోత పోసినవాడు పెన్యో అనే పెద్దాయన. పిల్లల్లేక మూతబడిన ఒక బడి గంట, పాడుబడిన ఇళ్ల తలుపు గడియలు, విరిగిన దీపస్తంభం, ఇవన్నీ కరిగించి నన్ను చేశాడు. అచ్చులోంచి తీసి, ఆకురాయితో అంచులు నునుపు చేసి, తన చొక్కా కొసతో తుడిచాడు. "ఏ ఊరు పోతావో పో. ఎవరి దాహమైనా తీర్చు, చాలు," అన్నాడు. ఆయన అంతకంటే గొప్ప కోరికేమీ కోరలేదు. ఆ ఒక్కటీ నేను నిలబెట్టలేదు. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

నన్ను కొన్నవాడు గెంచో అనే కాంట్రాక్టరు. పొట్టి మనిషి, పెద్ద నవ్వు. అతన్ని దుర్మార్గుడని ఒక్క ముక్కలో తేల్చేస్తే నా పాపం సగం తగ్గేది. కానీ అబద్ధాలకు నేను ఇప్పటికే బాగా పేరు తెచ్చుకున్నాను, ఇంకొకటి వద్దు.

ఆ దేశపు వాయవ్య మూల అంతా ఖాళీ అయిపోతున్న ప్రాంతం. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, ఉమ్మడి పొలాలు బీడుపడ్డాయి. కాళ్లూ చేతులూ ఆడేవాళ్లందరూ జర్మనీలో ఇళ్లు కట్టడానికో, ఇటలీలో ముసలివాళ్లకు సేవ చేయడానికో వెళ్లిపోయారు. ఇటలీ ముసలివాళ్లకు సూప్ తాగించేది వీళ్లు. వీళ్ల ముసలివాళ్లకు తాగించేవాళ్లు ఎవరంటే, ఎవరూ లేరు. మనుషుల ఏర్పాట్లు నాకెప్పుడూ అర్థం కావు. వెళ్లినవాళ్లను వెనక్కి రప్పించాలని పైనుంచి అభివృద్ధి నిధులు వస్తాయి. రోడ్డు వేయండి, నీళ్లివ్వండి, మనుషులు వాళ్లే వస్తారు అని. ఆలోచన మంచిదే. కాకపోతే ఫలానా తేదీలోగా పని పూర్తయినట్టు ఫొటో పంపాలి, లేదంటే నిధి వెనక్కి పోతుంది. పైపు వేయడానికి ఏడాది పడుతుంది. ఫొటో తీయడానికి రెప్పపాటు చాలు. గెంచో ముందు ఫొటో కానిద్దాం, పైపు తర్వాత వేద్దాం అనుకున్నాడు.

మొదటి ఊళ్లో అలాగే చేశాడు. రెండు నెలల్లో నిజంగానే నీళ్లిచ్చాడు. రెండో ఊళ్లోనూ ఇచ్చాడు. అందుకే మొదట్లో నాకు సిగ్గనేది తెలియలేదు. పెళ్లికి ముందు నిశ్చితార్థం లాంటిదేలే అని సర్దిచెప్పుకున్నాను. మూడో ఊరి నుంచి నిశ్చితార్థాలే గాని పెళ్లిళ్లు లేవు.

పద్ధతి ఏమిటంటే, సిమెంటు దిమ్మెకు నన్ను బిగిస్తారు. దిమ్మె వెనక గోడ, గోడ వెనక ట్రాక్టరు, ట్రాక్టరు మీద రెండువందల లీటర్ల నీలం డ్రమ్ము. దాన్నుంచి ఒక పైపు గోడలోంచి నా వెన్నులోకి. పెద్దమనిషి వచ్చి రిబ్బను కత్తిరించి నన్ను తిప్పుతాడు. నీళ్లు ధారగా పడతాయి. బాజాలు మోగుతాయి. డ్రమ్ము ఏడు నిమిషాలు వచ్చేది. గెంచో చేతి గడియారం చూసుకుంటూ నిలబడేవాడు. ఆరో నిమిషంలో ఎవరైనా "నేనూ చేతులు కడుక్కుంటాను" అన్నారా, అతని ప్రాణం గొంతులోకి వచ్చేది. ఏడో నిమిషంలోగా నన్ను కట్టేసి, సాయంత్రానికి విప్పి, పాత గుడ్డలో చుట్టి కారు డిక్కీలో పడేసేవాడు. పైన పటారం, లోన లొటారం అంటారు చూడండి, అది నా కోసమే పుట్టిన మాట.

తొమ్మిదో ఊరు వ్రానిత్సా. ఒకప్పుడు తొమ్మిది వందల మంది ఉండేవారట. నేను వెళ్లేసరికి తొంభై మంది, ముగ్గురు గొర్రెల కాపరులు, ఒక కొట్టు మిగిలారు. ఆ కొట్టు నడిపేది స్తానా. నలభై ఆరేళ్ల మనిషి, నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. ఆమె చిన్ననాటి స్నేహితురాలు నెవెనా ఏడేళ్లుగా ఇటలీలో ఒక ముసలాయన్ను కనిపెట్టుకుని ఉంటోంది. నెవెనా భర్త కిరిల్ జర్మనీలో తాపీమేస్త్రీ. నెవెనాకు ఒక్కటే కోరిక. సొంత ఊళ్లో గొర్రెపాలతో చీజ్ చేసే చిన్న డెయిరీ పెట్టాలి. పైపు నీళ్లు లేని ఊళ్లో డెయిరీకి అనుమతి ఇవ్వరు. పాలు కొనేవాళ్లు లేకపోతే కాపరులు ఆ శరత్కాలానికి మందలు అమ్మేసుకోవడం ఖాయం. మందలు పోతే కొట్టు పోతుంది, ఆ తర్వాత ఊరే ఉండదు. వెళ్లేటప్పుడు నెవెనా అన్న మాట ఇదీ: "నీళ్లొచ్చిన రోజు కబురు చెయ్యవే. మర్నాడే బయల్దేరతా."

ప్రారంభోత్సవం మార్చి ఒకటిన పెట్టారు. నన్ను తిప్పగానే నీళ్లు దూకాయి. స్తానా జనాన్ని తోసుకుంటూ వచ్చింది, చేతిలో ఫోను, కళ్లలో నీళ్లు.

"ఒసే నెవెనా! ఉన్నావా? మాట్లాడకు, విను. ముందు విను!" అని ఫోను నా మూతి దగ్గర పెట్టింది.

నేను పారాను. గలగలమంటూ, సిగ్గులేకుండా పారాను. ఫోనులో అవతల ఎవరో వెక్కి వెక్కి ఏడవడం వినిపించింది. అది సంతోషంతో వచ్చిన ఏడుపు. అదే నన్ను చంపేసింది. అప్పటిదాకా నేను ఫొటోలకు అబద్ధం చెప్పాను, ఒక మనిషి చెవిలో చెప్పడం అదే మొదటిసారి.

మార్చి ఒకటిన అక్కడ ఒక ఆచారం ఉంది. ఎరుపు తెలుపు దారాలు కలిపి పేని చేతికి కట్టుకుంటారు, గొర్రెపిల్లలకీ పండ్లచెట్లకీ కడతారు. వలసపోయిన కొంగ తిరిగొచ్చి కనబడేదాకా విప్పకూడదు. విప్పితే ఏడాదంతా కీడు. స్తానా తన చేతి దారం లాంటిదే ఇంకొకటి తీసి నా మెడకు కట్టింది. "చల్లగా ఉండు తల్లీ," అంది. సాయంత్రం నన్ను విప్పడానికి వచ్చిన గెంచో ఆ దారం చూసి ఆగిపోయాడు. చెయ్యి చాచాడు, వెనక్కి తీసుకున్నాడు. దారాన్ని తెంచకుండా నన్ను విప్పడం కుదరదు. "దీన్ని నేను ముట్టుకోను బాబోయ్," అని కారెక్కాడు. ఊరు ఊరంతటినీ మోసం చేయడానికి జంకనివాడు రెండు పోగుల దారానికి జడిశాడు. నవ్వొచ్చేదే, నా మెడకు కాకుండా ఉంటే.

తెల్లారి స్తానా బిందె తెచ్చింది. తిప్పింది. నేను ఖళ్లుమన్నాను. మర్నాడూ అంతే. కడుపులో లేనిది కావలించుకుంటే వస్తుందా? వారం తర్వాత ట్రాక్టరు నడిపినవాడు తాగిన మైకంలో డ్రమ్ము సంగతి కక్కేశాడు. ఆ నెలాఖరుకి కొంగలొచ్చాయి. స్తానా దారం విప్పలేదు. నెవెనాకు ఫోనూ చేయలేదు. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటూ తేలు కుట్టిన దొంగలా తిరిగింది. కొట్టు తెరిచేటప్పుడు నా వైపు చూసేది కాదు. నేనూ ఆమె వైపు చూడలేకపోయాను.

ఇటలీ ముసలాయన దగ్గర ఇంకొకర్ని కుదిర్చి, మే నెలలో ఒక మంగళవారం నెవెనా బస్సు దిగింది. వెనకే ఒక వ్యానులో రెండు స్టీలు తొట్లు. స్తానా వెళ్లి కౌగిలించుకుంది.

"ఏమే, ఏడేళ్లకొస్తే మంచినీళ్లయినా ఇవ్వవా? ఉండు, నేనే తాగుతా," అంటూ నెవెనా నా దగ్గరకొచ్చింది. దోసిలి పట్టి, నన్ను తిప్పింది.

నాలోంచి ఒక సాలీడు బయటికొచ్చింది.

"ఎప్పుడొస్తాయే నీళ్లు? పొద్దున్నా, సాయంత్రమా?"

స్తానా నేల చూసింది. "రావు."

"రావా? ఎప్పట్నించి?"

"ఆ రోజు నించే."

"మరి నాకు వినిపించిందేంటి?"

"డ్రమ్మే. గోడెనక డ్రమ్ము. ఏడు నిమిషాలొస్తాయట."

"తెలిసే పిలిచావా నన్ను?"

"ఒట్టు, ఆ రోజు తెలీదే. వారానికి తెలిసింది."

"తెలిశాక ఫోను పోయిందా నీది?"

స్తానా ఏడ్చింది. "సిగ్గేసిందే. ఎలా చెప్పను? నేనే కదా వినిపించింది."

నెవెనా నా ముందే నిలబడి కిరిల్‌కి ఫోన్ చేసింది. "పని మానేసి రాకు. అబద్ధమంట. ఏడు నిమిషాల డ్రమ్ము అంట." తర్వాత స్టీలు తొట్టి మీద కూర్చుని చాలాసేపు నవ్వింది. అది నవ్వు కాదని నాకూ తెలుసు, స్తానాకూ తెలుసు. ఇంకో బస్సు శుక్రవారం. దానికే వెళ్లిపోతానని చెప్పింది.

బుధవారం పొద్దున స్తానా కొట్టు తెరవలేదు. గడ్డపార తీసుకుని ఊరి చివరికి పోయింది. కొండ మీది ఊట నుంచి ఊరి పొలిమేర దాకా గెంచో పైపు వేసే ఉంచాడు. మిగిలింది నాలుగు వందల మీటర్లు. దానికి కావలసిన పైపు చుట్టలు కూడా బడి వెనక ఎండకు ఎండుతున్నాయి. అది సర్కారు సొత్తు, ముద్ర ఉన్నవాడు వచ్చి వేయాలి అని తొంభై మందీ రెండు నెలలుగా వాటి చుట్టూ తిరిగి నడుస్తున్నారు. స్తానా ఎవర్నీ అడగలేదు. ఒంటరిగా తవ్వడం మొదలుపెట్టింది. గురువారానికి చేతులు బొబ్బలెక్కాయి, గుడ్డలు చుట్టుకుని తవ్వింది.

శుక్రవారం నెవెనా పెట్టె పట్టుకుని బస్సు దగ్గరకు వెళ్తూ ఆ గాడి పక్కనుంచే పోవాల్సి వచ్చింది. కాసేపు నిలబడి చూసింది.

"అది కాలవా, పాము పోయిన దారా?"

"నువ్వెళ్లవే, బస్సొస్తోంది," అంది స్తానా, తలెత్తకుండా.

"బళ్లో గీత గీయమన్నా ఇలాగే గీసేదానివి. ఇటివ్వు!"

బస్సు రెండుసార్లు హారన్ కొట్టి వెళ్లిపోయింది. మధ్యాహ్నానికి ముసలి కాపరి లోజాన్ వచ్చాడు. ఒకప్పుడు ఉమ్మడి పొలంలో పైపుల పని చేసినవాడు. "మీరిద్దరూ తవ్వితే కొండెక్కుతాయి నీళ్లు, దిగవు," అని గొణుగుతూ తాడు కట్టి వాలు చూపించాడు. తర్వాత మరో ఎనిమిది మంది చేరారు. అందరిలోకీ చిన్నది నెవెనానే, స్తానా కంటే రెండు నెలలు చిన్న. తిట్టుకుంటూ, నడుములు పట్టుకుంటూ జూలై దాకా తవ్వారు. నేను దిమ్మె మీద ఊరికే నిలబడి చూశాను. నా అబద్ధాన్ని నిజం చేయడానికి ముసలివాళ్లు చెమటోడ్చడం చూడటం కంటే, కరిగిపోవడం నయం అనిపించింది.

పైపు నా దాకా వచ్చిన రోజు లోజాన్ నన్ను చూపించి, "ఈ దొంగదాన్ని తీసి పారేసి కొత్తది బిగిద్దాం," అన్నాడు. ఆ మాట న్యాయమే. నేను ఎదురుచెప్పను.

"వద్దు. అబద్ధం అదొక్కతే ఆడిందా? దాన్ని పారేస్తే నన్నూ పారెయ్యాలి," అంది స్తానా.

నెవెనా ఆమె వైపు ఒకసారి చూసి, పానా అందుకుని నన్నే బిగించింది. బిగించేటప్పుడు దారం తెగింది. ఎండకు రంగంతా పోయి తెల్లబడిన ఆ పోగును స్తానా జేబులో వేసుకుంది.

మొదట గాలి వచ్చింది. తర్వాత బురద. తర్వాత నీళ్లు, పళ్లు జివ్వుమనేంత చల్లటి కొండనీళ్లు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అందరి చేతులకూ బొబ్బలే. నెవెనా దోసిలి పట్టి తాగింది, మొహం కడుక్కుంది, కిరిల్‌కి ఫోన్ చేసింది. డెయిరీ గోడలు కట్టాలంటే అతను రావాలి. వస్తే ఈ ఊరు నిలుస్తుంది. ఆమె ఫోను నా మూతి దగ్గర పెట్టింది.

అవతల నుంచి కిరిల్ అలసిన గొంతుతో అన్నాడు: "ఈసారి డ్రమ్ము ఎంత పెద్దదే?"

స్తానా మొహం తిప్పుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. మార్చిలో నేను గొంతెత్తి అబద్ధమాడితే నమ్మారు, జూలైలో నిజం చెప్తుంటే ఎవరూ నమ్మరు. పెన్యో చొక్కా కొసతో తుడిచిన కుళాయికి దక్కిన మర్యాద ఇది.

నెవెనా కోప్పడలేదు, బతిమాలలేదు. ఫోను దిమ్మె మీద పెట్టి, నన్ను అలాగే తిప్పి వదిలేసి, తొట్లు కడగడానికి వెళ్లిపోయింది.

నేను పారుతూనే ఉన్నాను. అయిదు నిమిషాలు. ఆరు. అలవాటైన భయం నా మెడ దగ్గరికి వచ్చింది, ఇక ఎవరో వచ్చి కట్టేస్తారు, కట్టేయకపోతే గుట్టు బయటపడుతుంది. ఏడో నిమిషం వచ్చింది. ఫోనులో అతని ఊపిరి వినిపిస్తోంది, అతనూ లెక్కపెడుతున్నాడు. ఎనిమిది. పది. పదిహేను. నీళ్లు దిమ్మె దిగి, దారి దాటి, లోజాన్ గొర్రెల కాళ్ల దాకా పోయాయి. నా బతుకులో అంతసేపు నేనెప్పుడూ పారలేదు.

ఇరవయ్యో నిమిషం దగ్గర ఫోనులోంచి కిరిల్ అరిచాడు:

"ఒసే, ఎక్కడికి చచ్చావ్! ఎవరైనా ఉన్నారా అక్కడ? కుళాయి కట్టెయ్యండర్రా, నీళ్లన్నీ వృథా అవుతున్నాయి!"