ఇంకా కడగని రీలు

చరితకు ఆ పాత కెమెరాల పిచ్చి ఎక్కడ పట్టుకుందో ఆ దేవుడికే ఎరుక. చేతిలో మంచి ఫోను ఉంది, నొక్కితే చాలు బొమ్మ వచ్చి కళ్ళముందు నిలబడుతుంది. అది చాలదన్నట్టు ఆదివారం సంతలో, పాత బట్టల కుప్పల పక్కన దొరికిన ఫిల్మ్ కెమెరా ఒకటి కొనుక్కొచ్చింది. ఇనప ముద్ద! నెల్లితోపు మార్కెట్టు దగ్గర పెయింట్ల కొట్టు నడిపే తండ్రి గిరిధర్ దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు.

"దీంతో ఫోటోలు తీస్తావా, దొంగల్ని కొడతావా?"

"ఫోన్లో తీస్తే అప్పుడే చూసేస్తాం నాయనా. చూసేస్తే అయిపోయె. ఇదైతే కడుపులో పెట్టుకోని ఉంటాది. లోపల ఏముండాదో తెలీకుండా కాచుకోని ఉండాల. అదే బాగుంటాది," అంది చరిత.

"సరి, రీలు నిండితే చెప్పు. కడిగించుకోని వస్తా."

"కడిగేదేంది నాయనా, అదేమన్నా చీరా? డెవలప్ చేసేది అనాల."

గిరిధర్ ఒప్పుకోలేదు. అతని చిన్నతనంలో పెళ్ళి ఫోటోలైనా, గుండు కొట్టించిన ఫోటోలైనా, స్టూడియోలో 'కడగడానికి ఇచ్చి' వచ్చేవాళ్ళు. ఇంట్లో అందరికీ ఆ మాటే నోట నానిపోయింది. మూలన కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతున్న అతని తల్లి జయమ్మాళ్ కూడా తలెత్తి, "అవును, రీలంటే కడగాల," అని తీర్పు చెప్పేసింది. చరిత పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ తర్వాత చాలారోజులు నాయనమ్మ గిన్నెలు తోముతుంటే పక్కన చేరి, "అవ్వా, నా రీలు కూడా ఒకటి తోమి పెడతావా?" అని ఆటపట్టించేది.

ఆ పిల్ల పోయింది. బీచ్ రోడ్డు నుంచి రెడ్డియార్‌పాళయంలోని ఇంటికి స్కూటీ మీద వస్తుంటే లారీ తగిలింది. ఫోను నుజ్జయింది. కెమెరా మాత్రం సొట్టపోయి, మీట బిగుసుకుపోయి, రీలును లోపలే దాచుకుని ఆస్పత్రి సంచిలో ఇల్లు చేరింది. ఇనపదానికి సొట్టతో సరిపోయె, నా బిడ్డకు మాత్రం ప్రాణం పోవాల్నా అని గిరిధర్ దాన్ని గోడకేసి కొట్టబోతే, భార్య ప్రేమ రెండు చేతులా అతన్ని పట్టుకుని ఆపింది.

కర్మ రోజున చరిత స్నేహితురాలు అభినయ వచ్చి, ఒక మూలన నిలబడి చెప్పింది. "అంకుల్, ఆ కెమెరాలో ఆఖరి ఫోటో నేను తీసిందే. చరితను తీసినా. సముద్రం పక్క తిరిగి నిలబడి ఏందో చెప్తా నవ్వతా ఉండె. తీసినాక, ఇంగ ఇంటికి పోతానని బయల్దేరింది."

ఆ మాటతో గిరిధర్‌కు ఊపిరి తిరిగింది. ఊపిరి తిరిగిందంటే బతికాడని కాదు, చావకుండా ఉన్నాడని. పిల్ల ఫోటోలు ఇంట్లో కొల్లలు. బంధువుల ఫోన్లన్నీ వెతికి తెచ్చుకున్నారు. వాటిని చూసి చూసి, ఏ ఫోటోలో ఏ జడ వేసుకుందో, ఏ దుద్దులు పెట్టుకుందో కంఠతా వచ్చేసింది. ఇక వాటిలో కొత్తగా చూడటానికి ఏమీ మిగల్లేదు. కానీ ఆ రీల్లో ఉన్న చరితను కన్నతండ్రి కూడా ఇంకా చూడలేదు. ఆ ఒక్క చరిత ఇంకా రావలసి ఉంది.

అందుకే అతను దాన్ని బాగుచేయించలేదు. కొట్లో పని ఉందన్నాడు, వాన అన్నాడు, మంచి మనిషి దొరకాలన్నాడు. అన్నీ సాకులే! కడిగిస్తే వస్తుంది, వస్తే చూస్తాడు, చూసేస్తే అయిపోతుంది. చూసేస్తే అయిపోయె అని ఆ పిల్లే కదా చెప్పింది. బీరువాలో కెమెరా ఉన్నంతకాలం, సాయంత్రం ఇంటికి వచ్చే తండ్రికి కూతురు ఇంకా కాస్త మిగిలి ఉన్నట్టే ఉండేది.

ఏడాది తెవసం, అదే సంవత్సరీకం, దగ్గర పడుతుండగా ప్రేమ ఇక ఊరుకోలేదు.

"ఆ ఫోటో పెట్టి పూలు వెయ్యాల. నేను చూడాల. మీరొక్కరే దాచిపెట్టుకుంటే ఎట్ట? నేను కన్నది కాదా అది?"

గిరిధర్ బీరువా తాళం తీశాడు. కెమెరా తీసుకుని కేశవన్ దగ్గరికి పోయాడు. పాత కెమెరాలు బాగుచేసే కేశవన్‌కు ఈ మధ్య కాలేజీ పిల్లల వల్ల చేతినిండా పని. అతను కెమెరాను నల్ల గుడ్డసంచిలో పెట్టి, సంచిలోనే చేతులు దూర్చి, తడుముకుంటూ రీలును వెనక్కి చుట్టి బయటికి తీశాడు. లాబ్ వాళ్ళకు సులువుగా ఉంటుందని కొస మాత్రం కొంచెం బయటికి వదిలాడు. ఊళ్ళో కడిగేవాళ్ళు లేరు, మెడ్రాసు పోవాలి, అంతదాకా వెలుతురు తగలనివ్వొద్దు, తగిలితే బొమ్మలన్నీ చెరిగిపోతాయని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. గిరిధర్ ఆ మాట ఇంటికి రాగానే ప్రేమకు చెప్పాడు. రీలు డబ్బీని దేవుడి గూట్లో, కుంకుమ భరిణె పక్కన పెట్టి దండం పెట్టుకున్నాడు. మెడ్రాసు లాబ్‌కు ఫోన్ చేస్తే లైన్ సరిగా లేక గొంతు చించుకోవాల్సి వచ్చింది. "రీలు కడగాల! ఒకటే ఉండాది! మెడ్రాసుకు నేనే తెస్తా! తెవసం లోపల కావాల!"

సోమవారం తెమ్మన్నారు.

జయమ్మాళ్‌కు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. ఏడాదిగా ఆమె ముందర చరిత పేరెత్తితే ఒట్టు. ముసలి ప్రాణం తట్టుకోలేదని కొడుకూ కోడలూ అనుకున్నారు. ఆమె రాగానే మాట మార్చేవాళ్ళు, ఫోన్లు బోర్లా పెట్టేవాళ్ళు. పురిట్లోనే చేతుల్లోకి తీసుకుని, నీళ్ళు పోసి పెంచిన మనవరాలి గురించి ఆమెతో కలిసి ఏడ్చేవాళ్ళు కూడా లేకపోయారు. కానీ చెవులు బాగానే పనిచేస్తున్నాయి కదా. ఆ ఫోటో కావాలని ప్రేమ పెట్టిన తగువూ, ఫోన్లో కొడుకు అరుపూ రెండూ వినబడ్డాయి.

ఆదివారం గిరిధర్ కొట్టు త్వరగా మూసి మధ్యాహ్నానికి ఇంటికి వచ్చాడు. ప్రేమ బజారు నుంచి అప్పుడే వచ్చినట్టుంది, కూరగాయల సంచి గడపలోనే పడి ఉంది. దేవుడి గూట్లో డబ్బీ లేదు. గబగబా మిద్దెక్కాడు.

మిద్దె మీద ఎండ మండిపోతోంది. తెవసానికని ఉతికిన దుప్పట్లు, చీరలు ఆరుతున్నాయి. వాటి మధ్య దండెం పొడుగునా, బట్టల క్లిప్పులు వరసగా పెట్టి, గోధుమరంగు రిబ్బను ఒకటి వేలాడుతోంది. దాని మీద మచ్చ లేదు, గీత లేదు, ముఖం లేదు. ప్రేమ నీళ్ళతొట్టికి ఆనుకుని కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. జయమ్మాళ్ దండెం కింద పీట వేసుకుని, కాకులు వాలకుండా కర్ర పట్టుకుని కూర్చుంది.

"వచ్చినావా గిరీ. మెడ్రాసు దాకా యాడ పోతావని నేనే కడిగేసినా. సబ్బు పెట్టలా, గీసుకుపోతాదని. కుంకుడు నురగలో, వేలితో మెల్లిగా తుడిచినా. ఎంత పొడుగుండాదో చూడు."

గిరిధర్ దండెం దగ్గరికి పోయి రిబ్బను కొస పట్టుకుని చూశాడు. ఇన్నాళ్ళూ దాచి, బీరువాకు తాళం వేసి, దేవుడి పక్కన పెట్టి కాపాడింది ఇదే. పోయిన సంవత్సరమే, కర్మ మర్నాడే మెడ్రాసు పోయి ఉంటే ఈపాటికి ఆ నవ్వు గోడ మీద ఉండేది. చూడకుండా మిగుల్చుకోవాలనుకున్నాడు. ఇప్పుడది ఎప్పటికీ చూడకుండానే మిగిలిపోయింది. దండెం కిందే కూర్చుండిపోయాడు.

జయమ్మాళ్ కొడుకు ముఖం చూసింది, కోడలి ముఖం చూసింది. చేతిలో కర్ర కిందపెట్టింది.

"నేనేమన్నా తప్పు చేసినానా నాయనా? కడగాలనే కదా నువ్వన్నావు."

"అవునమ్మా. కడగాలనే అన్నా."

"మరి బొమ్మలు రాలేదే? ఆరితే వస్తాయని పొద్దుట్నించి చూస్తా ఉండా. పాప దీంట్లో ఉండాదన్నారే."

ప్రేమ ఏదో అనబోయి భర్త వైపు చూసింది. గిరిధర్ తల అడ్డంగా ఊపాడు. చెప్పి ఏం చేయాలి? చెబితే ఈ ముసలి చేతులు ఇంకెప్పుడూ ఏ పనీ చెయ్యలేవు. గాలికి రిబ్బను మెలితిరిగితే జయమ్మాళ్ లేచి, దాన్ని పసిపిల్ల జడలా రెండు వేళ్ళతో సరిచేసి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని ఒక కొస నుంచి రెండో కొస దాకా వెతికింది.

"నా కండ్లకు ఆనలేదేమో. లేదంటే సరిగా కడగలేదు," అంది. "ఇంగొక్కసారి కడిగి చూస్తాము గిరీ. మంచినీళ్ళలో. ఈసారి వస్తాది."

గిరిధర్ లేచి, బకెట్టు తీసుకుని కొళాయి దగ్గరికి పోయాడు.