కాజాలక్క కుర్చీ

1987 మార్చి 11, బుధవారం. తెల్లవారుజామున సన్నటి తుప్పర పడి, ఎనిమిదింటికల్లా ఎండ కాసింది. కాజాలక్క మంచం మీంచి చక్రాల కుర్చీలోకి జరిగి, కిటికీ దగ్గరికి వెళ్ళి, దారానికి మైనం రాసుకుని పని మొదలుపెట్టింది. దర్జీ పంపిన చొక్కాలు ఆరు. కాజా అంటే బట్టకి కన్నం పెట్టడమేగా అనుకునేవాళ్ళు తమ చొక్కా గుండీ ఒకటి విప్పి, ఆ అంచు చుట్టూ కుట్లు లెక్కపెట్టుకుంటే తెలుస్తుంది. సరే, అది వేరే సంగతి.

ఆమె కాళ్ళు ఆరేళ్ళ వయసులోనే చచ్చుబడ్డాయి. కుర్చీని వడ్రంగిపని చేసే ఆమె తమ్ముడు చేశాడు, పాత బల్ల చెక్కతో, సైకిలు చక్రాలతో. అందులో ఎవరు కూర్చున్నా, పొద్దుటి నుంచి కాజాలక్క గడిపిన రోజంతా వాళ్ళ ఒంట్లోకి వచ్చేస్తుంది. వీధిలో అందరికీ తెలిసిందే. ఆమె మంచం మీద నడుం వాల్చడం ఆలస్యం, ఇంటిపనితో విసిగిన మరదలు కుర్చీ ఎక్కేసేది.

“లే పిల్లా, నా రోజు నాకే చాలట్లేదు.”

“ఉండు వదినా, నువ్విన్న రేడియో పాట నేను విననే లేదు. ఒక్క నిమిషం!”

ఆ మధ్యాహ్నం ఆస్పత్రికి వెళ్ళారు. కాజాలక్క గుండెలో ఒక కవాటం పాడైంది. ఆపరేషన్ చేస్తే బతుకుతుంది, లేకపోతే వానాకాలం చూడదు. నెలకి నలుగురికే చెయ్యగలరు, కాచుకున్నవాళ్ళు ఇరవై మంది. అందుకని డాక్టర్లు ఒక ఫారం పెట్టుకున్నారు. అందులో ఒక గడి: రోగి జీవితం ఎంత బాగుంది, పదికి ఎన్ని మార్కులు?

పెద్ద డాక్టరు మంచివాడే. కానీ పరీక్ష బల్ల మీద పడుకున్న కాజాలక్కకి నర్సు చేతిలో ఫారం కనిపించింది. ఆ గడిలో రెండు.

“ఎవర్నడిగి వేశారు డాక్టరుగారూ?”

“అడగడమేంటమ్మా? ముప్ఫై ఏళ్ళ అనుభవం. చూస్తే తెలిసిపోతుంది.”

“మా దర్జీ కూడా అంతే అంటాడు. కొలతలు తీసుకోకుండా కుట్టినవన్నీ తిరిగొస్తాయి.”

నర్సు నవ్వాపుకుంది. పొద్దున్నుంచీ నిలబడి డాక్టరుకి కాళ్ళు పీకుతున్నాయి. గదిలో ఉన్న ఒక్క స్టూలూ విరిగింది. ఆయన చక్రాల కుర్చీ వైపు నడిచాడు. కాజాలక్క నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ తనని అడక్కుండా చేశారనే కదా తనకి మండింది!

“ఆగండి. అందులో నా రోజు ఉంటుంది. మీకిష్టమైతేనే కూర్చోండి.”

“తెలుసమ్మా, నర్సు చెప్పింది,” అంటూ ఆయన కూర్చున్నాడు.

ముందు ఆయన ముఖం ముడుచుకుంది. మంచం దిగేటప్పటి నడుంనొప్పి, ఆస్పత్రి మెట్ల మీద ఇద్దరు మూటలా ఎత్తినప్పటి ఉక్రోషం. తరవాత ఆయన వేళ్ళు వాటంతటవే కదిలాయి. మైనం రాసిన దారం బట్టలోంచి జారింది. కిటికీలోంచి తడిమట్టి వాసన. మరదలితో తగువు, ఆ వెంటనే నవ్వు. ఆరో చొక్కా ఆఖరి కాజా ముడి. పావుగంటైనా లేవలేదు.

“ఎన్ని వెయ్యమంటారమ్మా?”

ఆమె బాగా ఆలోచించింది. “ఏడు. మీ మెట్లు లేకపోతే ఎనిమిది.”

“నాకు నేను వేసుకుంటే ఐదు దాటదు.”

“కాజాలు నేర్పమంటారా?”

ఆ సాయంత్రం ఆయన మిగతా పంతొమ్మిది మందినీ అడిగాడు. ఒక్కరి జవాబూ తను వేసిన అంకెతో కలవలేదు. సమావేశంలో రెండు గంటలు వాదించి, ఆ గడే తీసేయించి, ఎవరు ఆగలేరో వాళ్ళనే ముందు పెట్టించాడు. కాజాలక్క పేరు మూడోది వచ్చింది.

ఆమె ఇంకో పంతొమ్మిదేళ్ళు బతికింది. ఆఖరి రోజున కూడా పదకొండు కాజాలు కుట్టింది. పోతూ పోతూ కత్తెర, రేడియో మరదలికి ఇచ్చింది. మైనం ముద్ద దర్జీకి. కుర్చీ, ఆ ఆఖరి రోజుతో సహా, ఆస్పత్రి సమావేశం గదికి. తమ్ముడికి ఏమీ లేదు. చేసినవాణ్ణి నేనైతేనూ అని రెండు రోజులు అలిగాడు. మూడో రోజు, చక్రాలకి నూనె వేసొస్తానని ఆస్పత్రికి వెళ్ళి, చీకటిపడేదాకా ఆ కుర్చీలోంచి లేవలేదు.