సంతకం పెట్టిన తెల్లకాగితం

ధనమ్మ నలభై రెండేళ్ల వయసులో మళ్లీ చదువుకు కూర్చుంది. మొయినాబాద్ పక్క ఊరు హిమాయత్‌నగర్ మిషన్ బడిలో పంతొమ్మిదేళ్లుగా పాఠాలు చెబుతోంది. ఆమె చదివిందంతా ఉర్దూలోనే. ఇప్పుడు బడి కాగితాలన్నీ ఇంగ్లీషులో టైపు చేసి పంపాలట. హెడ్మాస్టరు శాంతయ్య వచ్చే ఏడు దిగిపోతాడు. టైపు పరీక్ష పాసైతేనే ఆ కుర్చీ ఆమెకు ఇస్తామని కమిటీ తేల్చి చెప్పింది. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమంతో బళ్లు మూతపడగానే ధనమ్మ చేవెళ్లలో టైపు నేర్చుకోవడానికి చేరింది. తన కొడుకుల ఈడు వాళ్ల మధ్య కూర్చుని చూపుడు వేలితో వెతుక్కుంటూ అక్షరాలు కొట్టేది.

ఒకరోజు టైపు నేర్పే బిక్షం ఆమె ముందు రెండు కాగితాలు పెట్టాడు. ఒకదానిమీద చేతిరాత ఉంది. రెండోది తెల్లగా ఉంది, అడుగున మాత్రం బడి ముద్ర, శాంతయ్య సంతకం.

"టీచరమ్మా, జర ఇది చూసి దాని మీద కొట్టు. చెయ్యి సాఫ్ అయితది."

ఆమెకు ఇంగ్లీషు కూడబలుక్కుంటేనే వచ్చేది. మూడో వరుసకు గానీ విషయం బోధపడలేదు. ఎవరో ఒకాయన ఈ ప్రాంతం వాడేనని, యాభై రెండు నుంచి మూడేళ్లు హిమాయత్‌నగర్ బడిలో చదివాడని ఉంది. స్థానికులకే ఇచ్చే ముల్కీ సర్టిఫికెట్ కోసం, దాంతో వచ్చే గుమాస్తా ఉద్యోగం కోసం. ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఈయన మా బల్లె ఎన్నడు చదివిండు?"

"నీకెందుకు ఫికర్? చూసి కొట్టు."

"ఆ మూడేండ్లు చదువు చెప్పింది నేను. నా ముందట కూసున్న పిల్లల పేర్లు నాకు యాదికున్నయి. వీడు లేడు."

"మీ పెద్దసారే సంతకం పెట్టిండు. కొడ్తే కొట్టు, లేకుంటే లే."

ధనమ్మ టైపు మిషన్‌లోంచి కాగితం లాగి మడిచి సంచిలో పెట్టుకుంది. "ఇది మా బడి కాగితం. తీస్కపోతున్న."

"రేపటి సంది రాకు!" అని బిక్షం అరిచాడు.

ఆ మధ్యాహ్నం నుంచి బందు. బస్సులు లేవు. ఆమె మొయినాబాద్ వైపు నడిచింది. కోపానికి కాళ్ల నొప్పి కూడా తెలియలేదు. కనకమామిడి దగ్గర ఊరేగింపు ఎదురైంది. అందులో ఆమె దగ్గర చదువుకున్న సాముయేలు ఉన్నాడు. మెట్రిక్ పాసై రెండేళ్లుగా ఆ గుమాస్తా ఉద్యోగానికే తిరుగుతున్నాడు. ఉద్యమంలో పట్టుబడి, మొన్ననే జైలు నుంచి వచ్చాడు.

"ఏందమ్మా, నడుస్తున్నవ్?" అని బొంగురుపోయిన గొంతుతో అడిగాడు.

సంచిలోది ఏమిటో వాడికి చెప్పలేకపోయింది. సిగ్గుతో ఆమె ముఖం మండింది.

పొద్దు గూకే వేళ శాంతయ్య ఇంటి ముందు నిలబడి కాగితం ఆయన ముఖం మీదికి చాపింది.

"ఇదేంది అన్నా?"

శాంతయ్య చూపు దించుకున్నాడు. "ఈ కాగితం అడిగినాయన బడికి కొత్త రేకులు వేయిస్తనన్నడు చెల్లె. వానొస్తే పిల్లలు మూలకు నిలబడుతున్నరు. నువ్వు చూస్తలేవా?"

"చూస్తున్న. పంతొమ్మిదేండ్ల సంది చూస్తున్న. గందుకని సాముయేలు నౌకరి అమ్ముకుంటవా? వాడు నీ చేతి కింద చదివినోడు గాదా? వాడు ఆ రోడ్డు మీద గొంతు చించుకుంటున్నడు, నువ్వేమో ఇంట్ల కూసొని సంతకం పెట్టినవ్!"

"మెల్లగ మాట్లాడు, నలుగురు వింటరు."

"విననీ!"

మరునాడు తహసీల్ కచేరీకి తోడు రమ్మంటే శాంతయ్య రాలేదు. ఆమె ఒక్కతే బడి తాళం తీసి బడిలో చేరిన పిల్లల పేర్లుండే పాత దాఖలా రిజిస్టరు చంకన పెట్టుకుని కచేరీకి వెళ్లింది. అది ఉర్దూలో ఆమె స్వయంగా రాసిన రిజిస్టరు. తహసీల్దారుకు ఉర్దూ వచ్చు. ఆ మూడేళ్ల పేజీలు ఒక్కొక్కటే తిప్పి చూశాడు. ఆ పేరు లేదు. ఆయన పెట్టుకున్న ముల్కీ దరఖాస్తు కొట్టేశాడు.

సాముయేలుకు మాత్రం ఆ ఉద్యోగం రాలేదు. ఇంకెవరికో పోయింది. రేకులూ రాలేదు. శాంతయ్య దిగిపోయే దాకా ఆమెతో మాట్లాడలేదు, కమిటీలో కొందరు ఆమెనే తప్పుపట్టారు. ధనమ్మ అట్టముక్క మీద అక్షరాల గళ్లు గీసుకుని, దాని మీదే వేళ్లు ఆడిస్తూ నేర్చుకుంది. నగరంలో పరీక్ష రాసి ఒకసారి తప్పింది, రెండోసారి పాసై ఆ కుర్చీలో కూర్చుంది. ఆ వానాకాలం బడి కారుతూనే ఉంది. తడిసిన పిల్లలను చూసినప్పుడల్లా ఆమెకు మళ్లీ అంతే కోపం వచ్చేది.