తాతగారి యక్షతలు

హేమంతప్రత్యూషమున ప్రాగ్దిశాముఖము కుంకుమచ్ఛాయ దాల్చుచుండగా, కాంబోజదేశమందలి యొక పురాతన విష్ణ్వాలయమున, పరిఖాజలములందు ప్రతిఫలించు శిఖరపంక్తిని జూడవచ్చిన నానాదేశజనసమూహము చేతుల సెల్లుఫోనులు ధరించి యూర్ధ్వబాహులై నిలిచియుండెను. అంతటి తపస్సు పూర్వము మునులైనను జేసియుండరు.

ఆ సమ్మర్దమున మండపేట కాపురస్థుడగు భీమశంకరమును తద్ధర్మపత్ని మాణిక్యాంబయు నలిగిపోవుచుండిరి. నాటికి వారి వివాహమై సరిగా నేబదియేండ్లు. ప్రవేశపత్రపు వెల వినగానే భీమశంకరము మొగము మాడిపోయెను. పత్రముపై ముద్రించుటకై యచటి యుద్యోగిని యాతని ఛాయాచిత్రమును సరిగా నా క్షణముననే తీసెను.

మాణిక్యాంబ కొంగున పసుపుటక్షతలు ముడివైచి తెచ్చెను. వంశమున పెద్దలందఱును గతించుటచే నా దంపతులు కొంతకాలముగా నందఱి తలలపై నక్షతలు వేయువారే గాని వేయించుకొనువారు గాకపోయిరి. ఈ యొక్కదినమున నొక పెద్దచేయి తమ తలలపై బడవలెనని యామె కోరిక. అందులకే యింతదూరము వచ్చెను.

లోపల జూడగా అడ్డముగా గట్టిన త్రాళ్లును, దారిచూపు బాణపుగుర్తులును, దీపములేని గర్భగృహములును, శిరోవిహీనవిగ్రహములునే గాని యర్చకుడు లేడు, హారతి లేదు.

“ఏవండీ, ఇంత గుడి కట్టారు, దేవుడేడండీ?” అనుచు నామె కన్నులు చెమర్చెను.

“ఆయనకీ టికెట్టు దొరకలేదేమోనే,” అని భర్త పరిహాసమాడెను గాని యామె నవ్వలేదు.

అంతలో తొంబదియేండ్ల కాంబోజవృద్ధ యొకతె యామె కన్నీరు చూచి, చేయిపట్టుకొని, “తా! తా!” అనుచు గోపురాంతరమందలి చీకటిమూలకు లాగికొనిపోయెను.

“తాత అంటోందండీ! వీళ్ళకీ తాత తాతేనండోయ్!”

అచట ధూపధూమమధ్యమున కాషాయపరివేష్టితుడై మందస్మితవదనుడై నిలిచినవాడు సాక్షాత్తు విష్ణుమూర్తియే. ఆ యూరివా రాయనను దమ పెద్దగా నెంచి ‘తా’ యని, అనగా తాతయని, పిలుచుచుందురట. మాణిక్యాంబ ముడి విప్పి, యక్షతలను స్వామిపాదములకు దాకించి, వృద్ధచేతి కొసగెను. ఆ వృద్ధ ప్రసాదమనుకొని నాలుగు గింజలు నోట వైచికొని, నమలలేక మొగము చిట్లించెను.

మాణిక్యాంబ పకపక నవ్వి, తలవంచి, నడినెత్తి చూపెను. భీమశంకరమును మోకాళ్లనొప్పి మఱచి ప్రక్కనే వంగెను. వృద్ధ గ్రహించి, బోసినోట నవ్వుచు, తన భాషలో నేమో పలుకుచు, దోసెడక్షతలు వారిరువురి శిరములపై గుమ్మరించెను. మాణిక్యాంబ కానందము పట్టరానిదయ్యెను.

“చల్లగా ఉండమని దీవించిందండీ!”

“కాదే, బియ్యం ఉడకలేదందేమో!”

ఆ నవ్వులతోనే వారు చేరువనున్న మఱొక యాలయపు ద్వారమును జేరిరి. కావలివాడు పత్రమందలి మాడుమొగమును, ఎదుట నెరసినజుట్టున పచ్చనిగింజలతో వెలుగుచున్న మొగమును మార్చిమార్చి చూచెను.

“మీరేనా అని అనుమానమండీ అతనికి!”

“పొద్దున్న నేనే. ఇప్పుడు కాదని చెప్పు.”

ఆ భాష యెఱుగని కావలివాడు మఱొకమాఱు చూచి, తానును నవ్వి, చేతులు జోడించి, పోలిక కుదురకున్నను దారి విడిచెను.