నీళ్లొచ్చే వేళ

"వంటిల్లు ఉన్న ఇల్లే తీసుకున్నా. నీకే హాయిగా ఉంటుంది" అన్నాడు భర్త, దీవికి వెళ్లే పడవలో.

ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖంలో బహుమతి ఇస్తున్నవాడి సంబరం ఉంది. ఆమె కూడా నవ్వింది. హోటల్లో దిగితే బాగుండునని ఆమెకి ఉన్న మాట నిజమే గాని, ఆ మాట ఎప్పుడూ పైకి అనలేదు. అత్తగారికి బయటి తిండి పడదు. ఆడపడుచుకి కళ్లు తెరవగానే టీ పడాలి. కూతురికి అమ్మ చేసిన అన్నమైతేనే ముద్ద దిగుతుంది. ఇంతమంది కడుపులు చల్లగా ఉండాలంటే ఒక పొయ్యి కావాలి, పొయ్యి ముందు ఒక మనిషి కావాలి. ఆ మనిషికి హాయిగా ఉండేలా ఇల్లు చూశాడు. అందులో తప్పు పట్టడానికి ఏముంది?

ఆమె అంతకుముందు సముద్రం చూడలేదు. పడవలోనైనా కళ్లారా చూడాలనుకుంది. బయల్దేరిన కాసేపటికే అత్తగారికి తల తిరిగి ఆమె ఒళ్లో పడుకుంది. ఒళ్లో తల ఉన్న మనిషి కిటికీ దాకా వంగలేదు. దారి పొడుగునా ఆమెకి కనిపించింది ఎదురు బల్ల కింద ఎవరో వదిలిన చెప్పుల జత.

"సముద్రం ఎక్కడికి పోతుందమ్మాయ్, దిగాక చూడొచ్చు" అంది అత్తగారు కళ్లు మూసుకునే.

మందుల షాపులో సెలవడిగినప్పుడు షాపాయన కూడా ఇలాగే సంబరపడ్డాడు. "దీవికా! మీ ఆయన దేవుడమ్మా. వెళ్లి కాళ్లు చాపుకుని కూర్చో" అన్నాడు. ఆమె కూర్చునే ఎత్తుపీటని కిందటేడు తీసేయించింది ఆయనే. కౌంటరు దగ్గర మనిషి నిలబడి ఉంటే షాపు కళగా ఉంటుందట. సాయంత్రానికి ఆమె పిక్కలు రాళ్లయ్యేవి. కాళ్లు చాపుకుని కూర్చోవడం అన్న మాట ఆమె మనసులో మిఠాయిలా కరుగుతూ ఉండిపోయింది. సముద్రపు ఒడ్డున, తడి ఇసుకలో కాళ్లు చాపుకుని. అంతే ఆమె కోరిక. ఇంకేమీ లేదు.

వాళ్లు వెళ్లింది నిండు ఎండాకాలంలో. వాన చినుకు ఉండదు, ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంటుంది, సముద్రం అడుగున రాయి కూడా కనిపిస్తుంది, వెళ్లాలంటే ఇదే అదను అని అందరూ భర్తకి చెప్పారు. వాన లేకపోతే తాగడానికీ ఒళ్లు కడుక్కోవడానికీ నీళ్లెక్కడివని మాత్రం ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు. ఆ నెలల్లో దీవిలో బావులన్నీ ఉప్పుదేరతాయి. ఇళ్లకి మంచినీళ్లు రోజుకొక్కసారి, పొద్దెక్కుతుండగా కుళాయికి వస్తాయి. అదీ నూలు దారమంత ధార. కుళాయికి తగిలించిన రబ్బరు పైపుని చేత్తో పట్టుకుని డ్రమ్ములోంచి బకెట్టుకీ, బకెట్టులోంచి బిందెకీ మార్చుకుంటూ ఉండాలి. ఏ ఇంటి ముందైనా నీళ్లు నేలపాలైతే నీళ్లవాడు వీధి మొత్తానికి కట్టేస్తాడు. అందుకని కుళాయి విప్పి లోపలికి వెళ్లడానికి లేదు. ఇంటికొక మనిషి అక్కడే నిలబడాలి.

సరిగ్గా ఆ వేళకే షికారు పడవలు కదులుతాయి. మధ్యాహ్నం దాటితే గాలి లేచి అలలు పెద్దవవుతాయి, ఎవర్నీ నీళ్లలోకి దిగనివ్వరు.

మొదటిరోజు పొద్దున అందరూ తయారై గుమ్మంలో నిలబడ్డారు. ఆమె కూడా తల దువ్వుకుంది. అప్పుడే కుళాయి గరగరమంది.

"అయ్యో, నీళ్లు!" అంది ఆడపడుచు.

అందరూ కుళాయి వైపు చూశారు. తర్వాత అందరూ ఆమె వైపు చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. అనాల్సిన అవసరం ఏ ఇంట్లోనూ రాలేదు, ఇక్కడ మాత్రం ఎందుకొస్తుంది?

"పట్టేసి వచ్చేయ్. పడవవాడిని మళ్లీ పంపిస్తాలే" అన్నాడు భర్త.

పడవ మళ్లీ రాలేదు. డ్రమ్ము నిండేసరికి ఆమె భుజం లాగేసింది. వంట అయ్యేసరికి వాళ్లు తిరిగొచ్చారు. ఒంటినిండా ఉప్పు, తలనిండా ఇసుక. ఒకరి తర్వాత ఒకరు స్నానాలకి దూరారు. ఆమె పొద్దుటంతా నింపిన నీళ్లు కాసేపట్లో తూములోంచి గలగలా పోయాయి. ఎండాకాలంలో మాత్రమే సముద్రం మధ్య ఒక ఇసుకమేట తేలుతుందట, పాల నురగలా తెల్లగా ఉందట, పడవలో అక్కడికే తీసుకెళ్లారట. భోజనాల దగ్గర అదే కబురు.

"వదినా, నువ్వు చూడాలి అసలు! మాటల్లో చెప్పలేను" అంది ఆడపడుచు, కూర ఇంకాస్త వడ్డించుకుంటూ.

"మా ఆవిడకి ఇక్కడ నీళ్ల మంత్రి పదవి వచ్చింది. మంత్రులకి తీరిక ఉంటుందా?" అన్నాడు భర్త.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు ఆమెకి బాగా అలవాటైన నవ్వు. షాపులోనూ అదే నవ్వు వాడుతుంది.

ఆ మధ్యాహ్నం అందరూ పడుకున్నాక ఆమె పెరట్లో, బిందెలో మిగిలిన నీళ్లతో బట్టలు ఉతకడానికి కూర్చుంది. భర్త చొక్కా అట్టలా బిగుసుకుపోయి ఉంది. టబ్బులో ముంచితే మెత్తబడింది. అడుగున ఇసుక చేరింది, ఎక్కడిదో నాచు పోగు ఒకటి పైకి తేలింది. ఆమె ఆ నాచుని వేలితో పక్కకి తీసింది. తర్వాత ఎందుకు చేసిందో ఆమెకే తెలియదు, తడివేలు నాలిక మీద పెట్టుకుంది. ఉప్పగా ఉంది. కాస్త చేదు కూడా.

సముద్రం అంటే ఇదన్నమాట అనుకుంది. వీళ్ల ఒంటికి అంటుకుని, వీళ్ల బట్టల్లోకి దిగి, మురికితో కలిసి తన దగ్గరికి వచ్చింది. తన దగ్గరికి వచ్చేవన్నీ ఇలాగే వస్తాయేమో. చుట్టాలొచ్చిన సంతోషం ఎంగిలి గిన్నెల్లో వస్తుంది. కూతురు ఆటల్లో గెలిచిన రోజు మాసిన మేజోళ్లలో వస్తుంది. అందరూ అనుభవించిన దాని అడుగు తనకి తెలుసు, పైభాగం తెలియదు. ఆమెకి ఏడుపు రాలేదు. గోడ అవతల అలల చప్పుడు వినబడుతూనే ఉంది. పక్కింట్లో పెళ్లి జరుగుతుంటే మేళం వినబడినట్టు.

రెండోరోజూ అంతే. మూడోరోజూ అంతే. "రేపు తప్పకుండా" అని భర్త అంటూనే ఉన్నాడు. "సముద్రం ఎక్కడికి పోతుంది" అని అత్తగారు అంటూనే ఉంది.

పిట్టగోడకి అవతల, వాళ్లు దిగిన ఇంటి యజమానురాలు ఉంటుంది. నీళ్లొచ్చే వేళకి ఆవిడా తన పైపు పట్టుకుని నిలబడుతుంది. తలకి గుడ్డ చుట్టుకుని, నోట్లో ఏదో నములుతూ ఉండే నడివయసు మనిషి. మొదట్లో ఇద్దరూ ఊరికే తలలూపుకునేవాళ్లు. నాలుగో రోజు ఆవిడే పలకరించింది.

"ఇసుకమేట చూశారా?"

"ఇంకా లేదండీ. పడవ వేళకే నీళ్లొస్తున్నాయి."

"పడవెందుకు? ఈ నెలలో నడిచే పోవచ్చుగా. పెరటి దారి నేరుగా అక్కడికే దిగుతుంది. మోకాళ్ల లోతు. పట్టుకోడానికి తాడు కూడా కట్టారు. వానలు పడితే మునిగిపోతుంది మేట, మళ్లీ ఏడాదికే."

ఆమె చేతిలో పైపు కాస్త పక్కకి జరిగింది. గభాలున సర్దుకుంది. ఇన్నాళ్లూ దారి పెరట్లోనే ఉంది.

"మీరు వెళ్తుంటారా?" అని అడిగింది.

ఆవిడ పెద్దగా నవ్వింది. "నేనా! పెళ్లైన కొత్తలో పోయాను. ఇప్పుడీ పైపు వదిల్తేగా." నములుతున్నది పక్కకి ఉమ్మి, గొంతు తగ్గించింది. "ఓ సంగతి చెప్పనా? ఏటా ఎండాకాలం ఆ కుళాయి దగ్గర వారానికొకావిడ నిలబడుతుంది. నాకు ముఖాలు గుర్తుండవు. కిందటి వారం ఓ బక్కావిడ, అంతకుముందు ఓ పెద్దావిడ. అందరూ సెలవులకొచ్చినవాళ్లే. అందరూ ఒకే మాట, రేపెళ్తామండీ అని."

ఆమె తను నిలబడ్డ రాతిపలక వైపు చూసింది. కుళాయి ముందు ఆ పలక మధ్యలో కాస్త గుంటపడి నున్నగా ఉంది. తన పాదాలు ఆ గుంటలో సరిగ్గా సరిపోయాయి.

ఆఖరిరోజు వచ్చింది. సాయంత్రం పడవకి తిరుగు ప్రయాణం. పొద్దున్నే మళ్లీ అందరూ గుమ్మంలో నిలబడ్డారు.

"ఇవాళ నేనూ వస్తాను" అంది ఆమె.

అంత మామూలుగా అంది గాని, లోపల భయమేసింది. తన ఇంటివాళ్లతో సముద్రానికి వస్తానని అనడానికి ఇంత భయమెందుకో ఆమెకి అర్థం కాలేదు.

భర్త ఆశ్చర్యంగా చూశాడు. కోపంగా ఏమీ కాదు. "రావచ్చు గాని... నీళ్లెవరు పడతారు? వచ్చాక అందరం స్నానాలు చేసి పడవెక్కాలిగా" అన్నాడు. నిజంగానే జవాబు కావాలన్నట్టు ఒక్క క్షణం ఆగాడు. ఆడపడుచు చెప్పు పట్టీ సర్దుకుంటోంది. కూతురు చెవుల్లో పాటలు వింటోంది. "పోనీ, వచ్చే ఏడాది మళ్లీ వద్దాం" అన్నాడతను.

"సముద్రం ఎక్కడికి పోతుంది" అంది అత్తగారు.

వాళ్లు వెళ్లారు. కుళాయి గరగరమంది. ఆమె వెళ్లి రాతిపలక మీద నిలబడింది. పైపు చేతిలోకి తీసుకుంది. తాగే నీళ్ల కుండ నింపింది. దాని మీద మూత పెట్టింది. ఖాళీ డ్రమ్ము పక్కన నిలబడి ఉంది, నోరు తెరుచుకుని.

గోడ అవతలి ఆవిడ ఆమె ముఖంలోకి చూసింది. ఏం కనిపించిందో ఏమో, "వెళ్తారా? వెళ్లి రండి. మీ పైపు కూడా నేను పడతాలెండి. ఇవతలికి ఇవ్వండి" అని చెయ్యి చాపింది.

ఆ చేతి చర్మం నానిపోయి, వేళ్ల చివర్లు ముడతలుపడి ఉన్నాయి. ఆమె తన చెయ్యి చూసుకుంది. తనదీ అలాగే ఉంది.

"వద్దండీ. మీరు పట్టుకుంటే ఏం మారినట్టు?" అంది.

కుళాయి కట్టేసింది. ధార సన్నబడి, చుక్కలై, ఆగింది. ఇంటికి తాళం వేసి పెరటి దారి పట్టింది.

నీళ్లు వెచ్చగా ఉన్నాయి. మోకాళ్లు దాటలేదు. తాడు పట్టుకుని నడిచింది. మేట చాలా పొడుగ్గా ఉంది. ఆ చివర గొడుగుల కింద జనం, పడవలు, అరుపులు. వాళ్లలో తనవాళ్లూ ఉంటారు. ఆమె అటు వెళ్లలేదు. ఎవరూ లేని ఈ చివరకి వచ్చి, నీళ్లు తగిలేచోట కూర్చుని కాళ్లు చాపింది.

ఏం చెయ్యాలో తెలియలేదు. చేతులు ఊరికే దేనికోసమో వెతుక్కున్నాయి, ఇసుకని ఎత్తి మళ్లీ సర్దాయి. పొయ్యి కట్టానా అని ఒకసారి ఉలిక్కిపడింది. కట్టింది. అల వచ్చి నడుందాకా తడిపి వెళ్లింది. మళ్లీ వచ్చింది. దానికి ఆమె దగ్గర ఏ పనీ లేదు, ఊరికే వస్తోంది. తనతో పని లేకుండా తన దగ్గరికి ఎవరైనా వచ్చి ఎన్నాళ్లయింది?

దూరాన గొడుగుల గుంపులోంచి ఎవరో పిల్ల విడివడి ఇటు నాలుగడుగులు వేసింది. పసుపు టోపీ. కూతురే. ఇటు చూసి, ఒంటరిగా కూర్చున్న ఎవరో ఆవిడకి ఊపినట్టు చెయ్యి ఊపింది. ఆమె కూడా ఊపింది. పిల్ల గుర్తుపట్టలేదు. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఆ అమ్మాయి లోకంలో ఈ వేళకి అమ్మ ఉండే చోటు వేరే. ఆ ఊహ అలకంటే లోతుగా తగిలింది. అక్కడే చాలాసేపు కూర్చుంది.

తిరిగొచ్చేసరికి అందరూ అరుగు మీద ఉన్నారు. తాళం వేసి ఉంది.

"ఎక్కడికి పోయావమ్మాయ్? మేం ఎంత కంగారుపడ్డామో!" అంది అత్తగారు. ఆమె తడిబట్టలు చూసి అక్కడితో ఆగిపోయింది.

"సముద్రానికి, అత్తయ్యా."

తాళం తీసింది. భర్త గబగబా స్నానాల గదిలోకి వెళ్లాడు. డ్రమ్ములో చెంబు పడిన చప్పుడు బోలుగా వినిపించింది. అలాగే బయటికొచ్చాడు.

"నీళ్లేవి?"

"పట్టలేదు. తాగడానికి కుండలో ఉన్నాయి."

"పట్టలేదా! ఇప్పుడీ ఉప్పుతో పడవెక్కాలా?"

"నీళ్లెక్కడికి పోతాయి? రేపు పొద్దున వస్తాయి" అంది ఆమె. ఎత్తిపొడుపుగా అనలేదు. ఇన్నాళ్లూ తను విన్న గొంతుతోనే, అంతే తీరికగా అంది.

"మంత్రిగారు రాజీనామా చేసినట్టున్నార్రా అన్నయ్యా" అని ఆడపడుచు నవ్వబోయింది. ఎవరూ కలవలేదు. ఆ నవ్వు అక్కడే ఆగింది.

అందరూ మెడలు గోక్కుంటూ, చొక్కాలు దులుపుకుంటూ గదుల్లోకి వెళ్లారు. ఆమె అరుగు మీద కూర్చుని మళ్లీ కాళ్లు చాపింది. ఒంటిమీద నీళ్లు ఆరి, ఉప్పు సన్నటి తెల్లని గీతలుగా తేలుతోంది. చర్మం బిగుసుకుంటోంది.

కూతురు వచ్చి పక్కన నిలబడింది. టోపీ తీసి చేతిలో నలుపుతోంది.

"అమ్మా... ఆ చివర కూర్చుంది నువ్వేనా?"

"ఊఁ."

పిల్ల పక్కనే కూర్చుని, తనూ కాళ్లు చాపింది.

"దురదగా లేదూ?" అని అడిగింది.

"ఉంది" అంది ఆమె. కడుక్కోవాలని మాత్రం లేదు.